సెలైన్ పెట్టించే ముందు చేతులు పట్టుకొని చూడండి

యాంకర్: తర్వాతి కాల్ నర్సంపేట దగ్గర నుంచి. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే సార్. మా బాపుకు పోయినేడు హార్ట్ ఎటాక్ వచ్చింది. గుండె పంపింగ్ 30 శాతమే అన్నరు. పొద్దటి నుంచి బాగా నీరసంగా ఉన్నడు. నొప్పేం లేదంటున్నడు. ఆర్ఎంపీని పిలిచి సెలైన్ పెట్టిద్దామా?

డాక్టర్: సెలైన్ వద్దమ్మా, ఆగండి. బాపు పక్కనే ఉన్నారా? చేతులు పట్టుకొని చూడండి.

కాలర్: చల్లగున్నయ్ సార్. ఒకటే చెమట.

డాక్టర్: చేతి బొటనవేలి గోరును ఐదు సెకన్లు గట్టిగా నొక్కి వదలండి. తెల్లబడ్డ చోట రెండు సెకన్లలో మళ్లీ ఎరుపు రావాలి.

కాలర్: ఇంకా తెల్లగనే ఉంది... ఆఁ, ఇప్పుడు వస్తోంది.

డాక్టర్: మూత్రం సరిగ్గా వస్తోందా? మాట బాగానే ఉందా?

కాలర్: మూత్రం వచ్చే లాసిక్స్ గోలీ వేసుకున్నా రాత్రి నుంచి సరిగ్గ రాలే సార్. ఇందాక నన్ను మా మేనత్త పేరుతో పిలిచిండు.

డాక్టర్: అమ్మా, ఇది నీరసం కాదు. ఈ ఫోన్ పెట్టేసి వెంటనే 108కి చేయండి. గుండె జబ్బు ఉంది, షాక్‌లోకి వెళ్తున్నట్టుంది అని చెప్పండి. షాక్ అంటే గుండె తోసే రక్తం ఒంటికి చాలకపోవడం. ఆయాసపడుతుంటే దిండ్లు ఆనించి కూర్చోబెట్టండి. కాళ్లు పైకెత్తొద్దు. నోట్లో ఏమీ పోయొద్దు. గుండె స్కాన్ (ఎకో) రిపోర్టు, మందుల చీటీ పట్టుకెళ్లండి.

యాంకర్: లైన్ కట్ చేశారు. డాక్టర్ గారూ, నొప్పే లేదన్నారు కదా?

డాక్టర్: గుండెపోటు నొప్పి లేకుండా కూడా వస్తుందండీ, షుగర్ ఉన్నవాళ్లలో, పెద్ద వయసువాళ్లలో మరీ. గుండె రక్తాన్ని తోయలేనప్పుడు శరీరం ముందు చర్మానికి, కిడ్నీలకు సరఫరా తగ్గించి మెదడును కాపాడుకుంటుంది. అందుకే చేతులు చల్లబడతాయి, మూత్రం తగ్గుతుంది. మెదడుకూ చాలకపోతే మనిషి తికమకపడతాడు. పై బీపీ సాధారణంగా 90 కంటే దిగిపోతుంది. మిషన్‌లో 95 చూపించినా ఈ గుర్తులుంటే మాత్రం ఆగొద్దు.

యాంకర్: మరి సెలైన్? ఊళ్లలో ముందు చేసేది అదే.

డాక్టర్: నన్ను బాగా బాధపెట్టేది అదేనండీ. విరేచనాలై బీపీ పడిపోయినవాళ్లకు సెలైన్ ప్రాణం నిలబెడుతుంది. ఇక్కడ ఒంట్లో నీళ్లకు కొదవ లేదు, తోసే బలమే లేదు. ఎక్కించిన నీళ్లు ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసం ముదురుతుంది. ఎవరికి ఎంత ఎక్కించాలో ఆసుపత్రిలో చూసి నిర్ణయిస్తారు.

యాంకర్: అక్కడి నుంచి వరంగల్ రావాలంటే టైమ్ పడుతుంది. కారు ఉంటే అందులో తెచ్చేయొచ్చా?

డాక్టర్: 108 అందుబాటులో ఉంటే అదే మేలు. దారిలో ఆక్సిజన్ ఉంటుంది, గుండె ఆగితే చూసుకునే మనిషి పక్కన ఉంటాడు. ఏ ఆసుపత్రికి తీసుకెళ్లాలో వాళ్లనే అడగండి, మూసుకుపోయిన గుండె రక్తనాళాన్ని తెరిచే యాంజియోప్లాస్టీ చేసే చోటికి నేరుగా వెళ్తే మంచిది.