సర్కారు బడికి ఉచిత కళా కార్యక్రమాలు: నెల్లూరు నుంచి ఒక ఏడాది అనుభవంతో రివ్యూ

ప్రేక్షకులందరికీ నమస్కారం. ఈ రోజు నేను రివ్యూ చేస్తున్నది ఫోనూ కాదు, పుస్తకమూ కాదు. కళలు, సాహిత్యం, చరిత్ర వంటి విషయాలలో ప్రభుత్వ పాఠశాలలకు ఉచితంగా అందుబాటులో ఉన్న కార్యక్రమాలను, వాటిని మన తరగతిగదికి తెచ్చుకోవడంలో ఎదురయ్యే సాధకబాధకాలను గురించి ఈ వీడియోలో మాట్లాడబోతున్నాను. నేను నెల్లూరు జిల్లాలో, సముద్రతీరానికి దగ్గరగా ఉన్న ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయుణ్ణి. గడిచిన విద్యాసంవత్సరమంతా ఎనిమిదో తరగతిలోని నలభై ఒక్క మంది పిల్లలతో, శనివారం చివరి రెండు పీరియడ్లను ఇందుకోసం కేటాయించి, ఒక్కొక్క కార్యక్రమాన్నీ పరీక్షించి చూశాను.

ముందుగా ఒక మాట. ఉచితం అనే పదాన్ని నేను అనుమానంతోనే చూస్తాను. ప్రవేశ రుసుము లేకపోవడం ఒక్కటే ఉచితం కాదు. నలభై మంది పిల్లలను ఊరు దాటించాలంటే బస్సు కావాలి, ఆ రోజు మధ్యాహ్న భోజనం ఎక్కడ పెట్టాలో ముందే నిర్ణయించుకోవాలి, తల్లిదండ్రుల అనుమతి పత్రాలు తెచ్చుకోవాలి, అన్నిటికీ మించి ఒక ఉపాధ్యాయుడి సాయంత్రాలు ఖర్చు కావాలి. ఈ లెక్క వేయకుండా చేసే రివ్యూ సగం రివ్యూయే అవుతుంది.

మొదట తెర మీద చూసే మ్యూజియంల సంగతి. గూగుల్ ఆర్ట్స్ అండ్ కల్చర్ 2011లో మొదలైంది. ఇంట్లోనో బడిలోనో కూర్చుని ప్రపంచంలోని మ్యూజియంలలో తిరిగే వీలు అందులో ఉంది. దానితోపాటు చాలా మ్యూజియంలు తమ సేకరణల చిత్రాలను సొంత వెబ్‌సైట్లలోనే అందరికీ తెరిచి పెట్టాయి. వీటిలో వివరణలు ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉండడం పెద్ద లోపం. మన పిల్లల పాఠ్యపుస్తకాలలో ఒక పేజీ తెలుగులో, ఎదుటి పేజీ ఇంగ్లీషులో ఉంటాయి కాబట్టి రెండు భాషలను పక్కపక్కన పెట్టుకుని చదవడం వాళ్లకు అలవాటే. కానీ మ్యూజియం రాసే ఇంగ్లీషు పాఠ్యపుస్తకం రాసే ఇంగ్లీషు కాదు. ఆ పేజీలను ముందురోజు రాత్రి నేనే తెలుగులో రాసుకుని రావలసి వచ్చింది.

నేను ఎంచుకున్నది లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న అమరావతి శిల్పాలు. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఎలియట్ అమరావతి స్తూపం దగ్గర తవ్వకాలు జరిపించి శిల్పాలను మద్రాసుకు తరలించడం, వాటిలో కొన్ని 1859లో ఓడెక్కి లండన్ చేరడం, మిగిలినవాటిలో అనేకం నేటికీ చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉండడం, ఈ కథను పది నిమిషాలలో చెప్పి, తరగతిగదిలోని పెద్ద డిజిటల్ తెర (ఐఎఫ్‌పీ ప్యానెల్) మీద ఒక శిల్పాన్ని పెద్దది చేసి చూపించాను. ఈ శిల్పాలను ఇంగ్లీషులో చాలాకాలం ‘మార్బుల్స్’ అని పిలిచారని చెబుతూ, నా నోటివెంట పాలరాయి అనే మాట వచ్చింది. మూడో వరుసలోని ఒక పిల్లవాడు లేచి, ‘సార్, ఇది పాలరాయి గాదు. పగిలిన అంచు చూడండి. పాలరాయి అయితే అక్కడ పంచదార పలుకుల మాదిరి మెరస్తది. ఇది నాపరాయి జాతి. మా నాయన కోసేది ఇదే’ అన్నాడు. వాళ్ల నాన్న నాపరాళ్లు కోసి పరిచే పనివాడు.

పిల్లవాడు చెప్పినదే నిజం. అమరావతి శిల్పాలు చెక్కినది పల్నాటి సున్నపురాయి మీద. మనం ఇళ్లలో పరుచుకునే నాపరాయి కూడా సున్నపురాయి జాతిదే. పేరు తప్పుగా పెట్టినవాళ్లు ఎవరు, ఎందుకు అలా పిలిచారు, ఆ పేరు అంతకాలం ఎలా నిలిచింది అనే ప్రశ్నలతో ఆ పీరియడు ముగిసిపోయింది. నేను రాసుకుని వచ్చిన నాలుగు పేజీలలో రెండు పేజీలు చదవనే లేదు. అందుచేత తెర మ్యూజియానికి నేను మంచి మార్కులే వేస్తాను గాని, ఒక షరతు ఉంది: ఒక పీరియడుకు ఒకే వస్తువు. పిల్లలను గదుల వెంట గదులు తిప్పితే, తిరునాళ్లలో రంగులరాట్నం ఎక్కి దిగినట్టే ఉంటుంది. ఇంకొక ఆచరణాత్మకమైన మాట: నెట్‌వర్కును నమ్ముకోకండి, చిత్రాలను ముందే దించుకుని పెన్‌డ్రైవులో పెట్టుకోండి. నెల్లూరు వాళ్లకు ఒక సౌలభ్యం కూడా ఉంది. చెన్నై ఇక్కడికి సుమారు 175 కిలోమీటర్లే, అంటే మనకు విజయవాడ కంటే ఎగ్మూరే దగ్గర. బస్సు ఖర్చుకు దాత దొరికితే, తెర మీద చూసిన రాతి అసలు తోబుట్టువులను పిల్లలు కళ్లారా చూడగలరు. మాకు ఈ ఏడాది దొరకలేదు.

రెండోది స్టోరీవీవర్. ప్రథమ్ బుక్స్ సంస్థ 2015 సెప్టెంబరులో ప్రారంభించిన ఈ వేదికలో పిల్లల కథలు తెలుగుతో సహా అనేక భాషలలో ఉన్నాయి. చదువుకోవడానికి, దించుకోవడానికి, ముద్రించుకోవడానికి, అనువదించడానికి కూడా అనుమతి ఇచ్చే బహిరంగ లైసెన్సు కింద వాటిని ఉంచారు. కథలను చదివే స్థాయిని బట్టి నాలుగు మెట్లుగా విభజించారు. మొదటి మెట్టు కథలు ఎనిమిదో తరగతి వాళ్లకు చిన్నపిల్లల వ్యవహారంలా అనిపిస్తాయి. అయితే అదే మెట్టు కథను అనువాదం చేయమంటే వాళ్ల ముఖకవళికలే మారిపోతాయి.

ఒక శనివారం, చేపలు పట్టే మనిషి బొమ్మ ఉన్న ఒక చిన్న ఇంగ్లీషు కథను ఐదు జట్లకు ఇచ్చాను. మొదటి వాక్యానికే అందరూ ఆగిపోయారు. నేను నల్లబల్ల మీద ‘వల’ అని రాసి ముందుకు వెళ్లబోతుంటే, ‘ఏ వల సార్?’ అని అడిగారు. వాళ్ల ఊళ్లో ఒడ్డు నుంచి పదిమంది కలిసి లాగేది అలివి వల. ఒక్క మనిషి నడుముల లోతు నీళ్లలో నిలబడి గుండ్రంగా విచ్చుకునేటట్టు విసిరేది విసురు వల. బొమ్మలో మనిషి ఒక్కడే ఉన్నాడు, చెయ్యి పైకెత్తి ఉన్నాడు, కాబట్టి అది విసురు వల అని తీర్మానించారు. ఇంగ్లీషు కథలో లేని ఆ వివరం తెలుగు కథలోకి వచ్చింది. తరగతిలో ఏ పరీక్షలోనూ ఇరవై మార్కులు దాటని ఒక అమ్మాయి ఆ రోజు మిగిలిన నాలుగు జట్లకూ నిఘంటువు అయింది. నా దృష్టిలో ఈ ఏడాది ప్రయత్నించినవాటిలో అన్నిటికంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే. పిల్లలు చూసి ఊరుకునేవారు కాకుండా, చేసి చూపించేవారు కావడమే దానికి కారణం. ఇందులో నేను ఎత్తిచూపే లోపం ఒకటుంది: తెలుగు అనువాదాలలో కొన్ని చాలా బాగుంటాయి, కొన్ని గట్టిపడిన అన్నంలా ఉంటాయి. ఉపాధ్యాయుడు ముందుగా చదివి ఏరుకోవలసిందే.

ఇక కళాకారులే బడికి వచ్చే కార్యక్రమాలు. ఈ రంగంలో అందరికంటే ముందు చెప్పుకోవలసింది స్పిక్ మెకే గురించి. ఢిల్లీ ఐఐటీలో ఆచార్యుడైన కిరణ్ సేఠ్ 1977లో ప్రారంభించిన ఈ స్వచ్ఛంద ఉద్యమం, శాస్త్రీయ సంగీత నృత్య కళాకారులను విద్యాసంస్థలకు తీసుకువచ్చి, కళను ప్రదర్శిస్తూ వివరించే సభలను విద్యార్థులకు ఉచితంగా ఏర్పాటు చేస్తుంది. పెద్ద కళాకారులు నేల మీద కూర్చున్న పిల్లల ముందు, మూడు గజాల దూరంలో పాడడమో ఆడడమో ఎంత అరుదైన విషయమో చెప్పనక్కరలేదు. కానీ ఇక్కడ నేను చూసేది సభ జరిగిన గంటను కాదు, దానికి ముందు వారాన్ని. తాళం అంటే ఏమిటో, వీణకు ఎన్ని తీగలుంటాయో పిల్లలకు ముందే పరిచయం చేయకపోతే, ఆ గంట వాళ్లకు సెలవు గంటగానే మిగులుతుంది.

ఇలాంటి సభ ఒకటి ఎలా జరగకూడదో చూసిన అనుభవం నాకు ఉంది. కొన్నేళ్ల కిందట, పేరు చెప్పడం ఇష్టం లేని ఒక సంస్థ వారు మా బడికి జానపద కళల ప్రదర్శన ఉచితమని చెప్పి, ఫార్మేటివ్ పరీక్ష వారంలోనే తేదీ ఖరారు చేశారు. షామియానా మా ఖర్చు, మైకు సెట్టు మా ఖర్చు, శాలువాలు కూడా మా ఖర్చే. పది గంటలకు మొదలు కావలసిన సభలో వక్తల ప్రసంగాలు పన్నెండు వరకు సాగాయి. ఎండలో కూర్చున్న పిల్లలకు డప్పు మోగింది ఇరవై నిమిషాలే. వారి కరపత్రం మాత్రం ఉత్తరకుమార ప్రగల్భాలకు ఏమాత్రం తీసిపోదు. ఆనాటి నుంచి ఏ సంస్థకు ఉత్తరం రాసినా, ప్రసంగాలు ఎన్ని నిమిషాలు, కళ ఎన్ని నిమిషాలు అని మొదటి వాక్యంలోనే అడుగుతున్నాను.

ఉత్తరకుమారుడు ఊరికే గుర్తుకు రాలేదు. విరాటపర్వం మొదలుకొని పదిహేను పర్వాలు తెనిగించిన తిక్కన ఈ పెన్నా తీరంలో, మనుమసిద్ధి ఆస్థానంలో ఉన్నవాడు. ఉత్తర గోగ్రహణ ఘట్టాన్ని మా పిల్లలు రెండు శనివారాలు నాటకంగా వేశారు. దీనికి ఏ సంస్థా అక్కరలేదు, ఏ లాగిన్ అక్కరలేదు; పద్యాన్ని రాగంతో చదవగలిగే మనిషి ఒక్కరుంటే చాలు. ఒంగోలులో చదువుకున్న రోజుల్లో నాటకాలలో వేషాలు కట్టిన టంగుటూరి ప్రకాశం గారిని చేరదీసి, రాజమండ్రికి వెంట తీసుకువెళ్లి చదివించినది ఇమ్మానేని హనుమంతరావు నాయుడు అనే ఉపాధ్యాయుడు. నెల్లూరు, ప్రకాశం జిల్లాలలో బడికీ నాటకానికీ ఉన్న బంధుత్వం అంత పాతది.

ఊళ్లోనే ఉన్న సంస్థలను కూడా మరచిపోకూడదు. నెల్లూరులోని ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాలకు 2020లో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారి పేరు పెట్టారు. అక్కడి విద్యార్థులు మా పిల్లల కంటే నాలుగైదేళ్లే పెద్దవాళ్లు కావడం వల్ల, పేరున్న విద్వాంసుడి ఎదుట నోరు విప్పని పిల్లలు వాళ్ల దగ్గర మాత్రం చనువుగా ప్రశ్నలు అడుగుతారు. ప్రాచీన తెలుగు విశిష్ట అధ్యయన కేంద్రం కూడా మైసూరు నుంచి నెల్లూరుకే తరలివచ్చింది. అది ప్రధానంగా పరిశోధన కోసం ఏర్పడిన సంస్థ కాబట్టి, ఎనిమిదో తరగతికి సరిపడేటట్టు విషయాన్ని మలచుకునే భారం ఉపాధ్యాయుడిదే.

ఉపాధ్యాయుల కోసమే ఉన్న వేదిక సాంస్కృతిక వనరుల శిక్షణ కేంద్రం, అందరూ పిలిచే పేరులో సీసీఆర్‌టీ. 1979లో ఏర్పడిన ఈ కేంద్ర ప్రభుత్వ సంస్థకు హైదరాబాదులో ప్రాంతీయ కేంద్రం ఉంది. పనిచేస్తున్న ఉపాధ్యాయులకు శిక్షణ ఇవ్వడం దాని ముఖ్యమైన పని. ఒక్క ఉపాధ్యాయుడు నేర్చుకుని వస్తే ఆ తరువాత పదేళ్లపాటు తరగతులకు తరగతులు లాభపడతాయి కాబట్టి, ఒక్కరోజు సభల కంటే దీనికే నేను ఎక్కువ విలువ ఇస్తాను. ఈ సంస్థ ద్వారానే కళలు నేర్చుకునే పిల్లలకు ఉపకార వేతనాలు కూడా అందుతాయి. అయితే దరఖాస్తు వయసు పది నుంచి పద్నాలుగేళ్లు. మన బడులలో పిల్లవాడికి గొంతు ఉందని, చెయ్యి తిరుగుతుందని మనం కనిపెట్టేది తొమ్మిదో తరగతిలో వార్షికోత్సవం నాడు. అప్పటికే గడువు దాటిపోతుంది. ఆరో తరగతి ఉపాధ్యాయులు ఈ ఒక్క మాటను గుర్తుంచుకుంటే ఈ వీడియో చేసిన శ్రమ నాకు దక్కినట్టే. 2015 నుంచి జరుగుతున్న కళా ఉత్సవ్ తొమ్మిది నుంచి పన్నెండు తరగతులవారి కోసం ఏర్పాటు చేసిన పోటీ. మంచి వేదికే, కానీ బడికి ఒకరో ఇద్దరో వెళతారు, మిగిలినవారు చప్పట్లు కొడతారు. తరగతిగది మొత్తానికి పనికివచ్చేదాన్ని వెతుకుతున్న ఈ రివ్యూలో దానికి అంతకంటే చోటు ఇవ్వలేను.

ఇక వచ్చే ఏడాదికి మేము వేసుకున్న పథకం. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు చదివే పిల్లలకు పది రోజులపాటు పుస్తకాల సంచి లేని రోజులు ఉండాలని, ఆ రోజులలో వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరులు, కళాకారుల వంటి స్థానిక పనివారి దగ్గర పిల్లలు పని నేర్చుకోవాలని సూచించింది. జాబితా రాయడానికి కూర్చున్నప్పుడు సంగీత పాఠశాల పేరు, తోలుబొమ్మలాట ఆడించే ఒక పెద్దాయన పేరు వెంటనే వచ్చాయి. మూడో పేరు పిల్లలే చెప్పారు: నాపరాళ్లు కోసే ఆ పిల్లవాడి తండ్రి. జులైలో ఒక శనివారం ఆయన ఉలి, సుత్తి, రెండు రాతి పలకలు తీసుకుని బడికి వస్తానన్నారు. డబ్బులేమీ వద్దన్నారు గాని, శనివారం ఆయనకు పని రోజు. ఆ రోజు కూలిని మేము ఉపాధ్యాయులం ఐదుగురం వేసుకుంటున్నాం. రాయి పగిలేటప్పుడు లేచే దుమ్ముకు మాస్కులు తెప్పించుకోమని ఆయనే ముందుగా చెప్పారు. నలభై ఒకటి ఆర్డరు పెట్టాను.