ప్రింటర్ పాడవలేదు, గది నంబర్ మారింది

నమస్తే అండి. మొన్న రాత్రి పదకొండింటికి మా పిన్ని ఫోన్. పొద్దున్నే బాబు ప్రాజెక్టు ఇవ్వాలి, ఇంట్లో అందరి ఫోన్లకీ వైఫై బాగానే వస్తోంది, ప్రింటర్ మాత్రం ఆఫ్‌లైన్ అంటోంది. "డ్రైవర్ తీసేసి మళ్ళీ వేస్తే పని చేస్తుందిరా, పోయిన నెల కూడా అలాగే చేశాం" అంది. నాకు చిరాకు తెప్పించేది సరిగ్గా ఈ మాటే. డ్రైవర్, అంటే కంప్యూటర్ చేత ప్రింటర్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్, మళ్ళీ వేస్తే నిజంగానే పని చేస్తుంది, అందుకే తప్పంతా డ్రైవర్‌దేనని అందరూ నమ్మేస్తారు. అసలు సంగతి వేరు.

పెళ్ళివారి విడిది ఊహించుకోండి. గదులు పంచే మనిషి రూటర్, అదే వైఫై ఇచ్చే డబ్బా. ఇంట్లో ఫోన్లు, టీవీ, ల్యాప్‌టాప్, అన్నీ చుట్టాలే, ఎవరు ముందొస్తే వాళ్ళకి ఒక గది. మన ప్రింటర్ పెదనాన్నగారికి 7వ గది దొరికింది, అంటే 192.168.1.7 అనే ఐపీ అడ్రస్, ఇంటి నెట్‌వర్క్‌లో దాని చిరునామా. కాఫీలు అందించే కుర్రాడు కంప్యూటర్, వాడు "పెదనాన్న, 7" అని రాసిపెట్టుకున్నాడు. ఈలోగా కరెంటు పోయి వచ్చింది. కొన్ని రూటర్లలో పాత చిట్టా చెరిగిపోతుంది, గదులు మళ్ళీ పంచుతారు, 7లోకి ఎవరిదో ఫోన్ చేరింది, పెదనాన్న 12కి వెళ్ళారు. కుర్రాడు కాఫీ పట్టుకుని 7వ గది తలుపే కొడుతున్నాడు! డ్రైవర్ మళ్ళీ వేసినప్పుడు జరిగేదల్లా వాడు కొత్త గది నంబర్ రాసుకోవడమే. మళ్ళీ కరెంటు పోయేదాకా బాగానే ఉంటుంది.

ముందు ఇది మీ ఇంట్లోనూ జరుగుతోందో లేదో చూడండి. ప్రింటర్ మెనూలో నెట్‌వర్క్ రిపోర్ట్ ప్రింట్ చేయండి, ఆ కాగితం మీద ఐపీ అడ్రస్ ఉంటుంది. విండోస్‌లో ప్రింటర్ ప్రాపర్టీస్ తెరిచి పోర్ట్స్ చూడండి, కుర్రాడు రాసుకున్న నంబర్ అక్కడ ఉంటుంది. పిన్ని వాళ్ళ కాగితం మీద 12, కంప్యూటర్‌లో 7. దొరికిపోయింది. కాగితం మీద 169.254తో మొదలయ్యే నంబర్ ఉంటే మాత్రం పెదనాన్నకి అసలు గదే దొరకలేదు, వరండాలో ఉన్నారని అర్థం, ముందు ప్రింటర్‌ని వైఫైకి మళ్ళీ కలపండి.

మందు ఏమిటంటే, గది తలుపు మీద "ఇది పెదనాన్నగారిది" అని కాగితం అంటించడం. బ్రౌజర్‌లో రూటర్ పేజీ తెరవండి, చాలా ఇళ్ళలో 192.168.1.1, పాస్‌వర్డ్ తరచూ రూటర్ అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది. డీహెచ్‌సీపీ, అంటే గదులు పంచే పని, దాని దగ్గర అడ్రస్ రిజర్వేషన్ అనో స్టాటిక్ బైండింగ్ అనో కనిపిస్తుంది. అక్కడ ప్రింటర్ మ్యాక్ అడ్రస్, దానికి కేటాయించే ఐపీ నంబర్ ఇవ్వాలి. గది మారినా మనిషి మొహం మారదు కదా, మ్యాక్ అడ్రస్ ఆ మొహం లాంటిది. రిపోర్ట్‌లో కేబుల్‌కి ఒకటి, వైర్‌లెస్‌కి ఒకటి ఉండొచ్చు, వైర్‌లెస్‌దే తీసుకోండి. తర్వాత ప్రింటర్ ఒకసారి ఆపి ఆన్ చేసి, కంప్యూటర్‌లో యాడ్ పోర్ట్, స్టాండర్డ్ టీసీపీ ఐపీ పోర్ట్ ఎంచుకుని అదే నంబర్ ఇవ్వండి. పోర్ట్ దగ్గర డబ్ల్యూఎస్‌డీ అని ఉంటే అది ప్రతిసారీ వెతుక్కునే పద్ధతి, నాకు దాని మీద నమ్మకం లేదు, మార్చేయండి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. వైఫై వచ్చే రెండు బ్యాండ్లలో, ఇళ్ళలో వాడే ప్రింటర్లలో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే తెలుసు, 5 అంటే పై అంతస్తు, మోకాళ్ళ నొప్పులున్న పెదనాన్న ఎక్కలేరు, అందుకే రెండు బ్యాండ్లకీ వేరే పేర్లు పెట్టి కింది దానికే కలపండి. అపార్ట్‌మెంట్‌లో ఉంటే ఛానల్ ఆటోలో వదలకుండా 1, 6, 11లో ఖాళీగా ఉన్నది పెట్టండి. గెస్ట్ వైఫైకి కలపొద్దు, అది గోడకి అవతలి విడిది, కుర్రాణ్ణి లోపలికి రానివ్వరు. పాత ప్రింటర్ అయితే రూటర్‌లో వైఫై భద్రత దగ్గర కొత్త పద్ధతి డబ్ల్యూపీఏ3 ఒక్కటే కాకుండా పాతదైన డబ్ల్యూపీఏ2 కూడా ఆన్‌లో ఉంచండి.

అంతా అయ్యాక కావాలనే రూటర్ ఆపి ఆన్ చేయండి. ఓ ఐదు నిమిషాలాగి మళ్ళీ రిపోర్ట్ తీయండి. కాగితం మీద మీరు రాసిచ్చిన నంబరే రావాలి.