ఇంజను దాహం దగ్గర మొదలుపెడదాం

సభకు నమస్కారం.

ఇంట్లో ఆవిరి యుగపు రైల్వే నమూనా కట్టుకోవాలనే కోరిక ఉన్నవారు ఇక్కడ చాలామంది ఉన్నారు. వారిలో ఎక్కువమంది ముందుగా అడిగేది పట్టాలు ఏ ఆకారంలో వేయాలని. గుండ్రంగా ఒక దారి, మధ్యలో స్టేషను, ఒక మూల కొండ. రైలు తిరుగుతూ ఉంటుంది, మనం చూస్తూ ఉంటాం, పావుగంట గడిచేసరికి విసుగొస్తుంది. ఆ రైలుకు అక్కడ పనేమీ లేదు కాబట్టే ఆ విసుగు. అందుకే నేను పట్టాల దగ్గర మొదలుపెట్టను, ఇంజను దాహం దగ్గర మొదలుపెడతాను.

ఆవిరి ఇంజనుకు ఎడతెగని అవసరాలు ఉండేవి. నీళ్లు పట్టాలి, బొగ్గు ఎక్కించాలి, పొయ్యిలో గడ్డకట్టిన చిట్టెం లాగెయ్యాలి, బూడిద దులపాలి, కీళ్లకు నూనె పొయ్యాలి, ప్రయాణం ముగిసిన చోట ముఖం అటు తిప్పాలి. పాతకాలపు స్టేషను రూపాన్ని తీర్చిదిద్దినవి ఈ అవసరాలే. ఎత్తైన రాతి దిమ్మె మీద నీళ్ల ట్యాంకు, దాని పక్కన బావి, పంపు గది, ఇంజను ఆగే చోట దానిలోకి నీళ్లు వదిలే నిలువు గొట్టం, అంటే వాటర్ కాలమ్, పట్టాల మధ్య ఇటుకలు పేర్చిన బూడిద గుంట, ఆ పక్కన బొగ్గు దిబ్బ, పెద్ద స్టేషనైతే ఇంజను ముఖం తిప్పే టర్న్‌టేబుల్. వీటిని ముందు కాగితం మీద పెట్టుకుంటే పట్టాలు ఎటు వెళ్లాలో వాటంతట అవే చెబుతాయి.

ఊరికే ‘ఆవిరి యుగం’ అంటే సరిపోదు. ఒక దారి, ఒక సంవత్సరం, వీలైతే ఒక నెల ఎంచుకోవాలి. నేను ఎంచుకున్నది గుంతకల్లు నుంచి ద్రోణాచలం, బేతంచెర్ల, నంద్యాల మీదుగా నల్లమల దాటి గుంటూరు వైపు వెళ్లే పాత మీటర్ గేజ్ దారి, అంటే రెండు పట్టాల మధ్య ఒక మీటరు వెడల్పున్న దారి. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో సదరన్ మరాఠా రైల్వే వేసిన మార్గం అది. నంద్యాల దాటాక గాజులపల్లె, చెలమ, దిగువమెట్ట స్టేషన్ల మధ్య అడవిలో మెలికలు తిరిగేది. బొగద దగ్గర సొరంగం, దొరబావి దగ్గర లోయ మీద ఎత్తైన వంతెన ఉండేవి. 1990లలో బ్రాడ్ గేజ్‌గా మార్చినప్పుడు ఆ కొండదారి కొత్త బాట పట్టింది, దొరబావి వంతెన వాడుకలోంచి పోయింది. నా లేఅవుట్‌లో ఉన్నది 1972 శివరాత్రి రోజులు. స్టేషను మాత్రం కల్పితం. నంద్యాలకూ దిగువమెట్టకూ మధ్య ఉండదగిన, ఎదురెదురు రైళ్లు తప్పుకునే ఒక చిన్న క్రాసింగ్ స్టేషను.

శివరాత్రి ఎందుకంటే రెండు కారణాలు. మహానంది తిరునాళ్లకు వెళ్లే జనంతో ప్లాట్‌ఫారం మీద సందడి ఉంటుంది. రెండోది అడవి రంగు. మాఘ ఫాల్గుణాల్లో నల్లమల ఆకు రాల్చి బూడిద, గోధుమ వన్నెల్లోకి వస్తుంది. ఆ ఎండు కొమ్మల మధ్య మోదుగ పూలు మండుతుంటాయి. పచ్చదనమంతా బజారులో సంచీల్లో దొరికే విదేశీ గడ్డిపొడితో కప్పేస్తే మన నేల కనబడదు. ఎండిన తులసి వెన్నులు చెట్లకు, కొబ్బరి పీచు ఎండుగడ్డికి, కొండచీపురు పూత రెల్లు పొదలకు నాకు బాగా పనికొచ్చాయి. మోదుగ పూలకు నారింజ రంగు వేసి ఆరబెట్టిన రవ్వ చాలు.

ఇప్పుడు కొలతలు. ఇది కాస్త ఓపికగా వినండి, ఎందుకంటే మన దేశపు రైళ్లను నమూనాగా చేసేవారికి అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. ప్రపంచంలో ఎక్కువగా దొరికే నమూనా పట్టాల వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. 1435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజ్‌ను 87వ వంతుకు కుదిస్తే వచ్చే కొలత అది. మన బ్రాడ్ గేజ్ 1676 మిల్లీమీటర్లు. దాన్ని అదే నిష్పత్తిలో కుదిస్తే 19 మిల్లీమీటర్లు దాటుతుంది. ఆ వెడల్పులో పట్టాలు అంగట్లో దొరకవు. కాబట్టి బ్రాడ్ గేజ్ చేసేవారు 16.5తో సరిపెట్టుకుంటే ఇంజను కాళ్లు ముడుచుకున్నట్టుంటుంది, లేదంటే పట్టాలు చేత్తో వేసుకోవాలి. మీటర్ గేజ్‌కు ఆ బాధ లేదు. వెయ్యి మిల్లీమీటర్లను 87తో భాగిస్తే పదకొండున్నర. స్విట్జర్లాండ్ కొండ రైళ్ల నమూనాల కోసం తయారయ్యే పట్టా 12 మిల్లీమీటర్లు. అర మిల్లీమీటరు తేడా కంటికి ఆనదు. చిన్న గది ఉన్నవారికి నా సలహా ఒక్కటే, మీటర్ గేజ్ ఎంచుకోండి.

ఆ గేజ్ మీద 1972లో తిరిగిన ప్రధాన ఇంజన్లు వైపీ, వైజీ. వైపీ ప్యాసింజర్లకు, వైజీ గూడ్సులకు. రెండూ దూరం నుంచి అన్నదమ్ముల్లా ఉంటాయి, తేడా చక్రాల్లో తెలుస్తుంది. వైపీకి పెద్ద చక్రాలు అటు మూడు, ఇటు మూడు, వ్యాసం 1372 మిల్లీమీటర్లు. వైజీకి నాలుగేసి, వ్యాసం 1219. నమూనాలో అవి దాదాపు 16, 14 మిల్లీమీటర్లు అవుతాయి. ఈ రెండు మిల్లీమీటర్లు పట్టించుకోకపోతే పైన ఎంత చక్కని బాయిలరు కూర్చోబెట్టినా ఇంజను పోలిక రాదు. వైపీ, వెనక నీళ్లు, బొగ్గు మోసే టెండరుతో కలిపి దాదాపు 19 మీటర్లు, అంటే నమూనాలో 22 సెంటీమీటర్లు. బోగీ కూడా ఇంచుమించు అంతే. ఇంజను, అయిదు బోగీలు కలిస్తే రైలు 1.4 మీటర్లకు దగ్గర పడుతుంది. ఒక రైలు పక్కకు తప్పుకునే మీ లూప్ లైను అంతకంటే పొడుగ్గా ఉండాలి. గదిలో ఎంత గోడ కావాలన్న లెక్క ఇక్కడి నుంచి తేలుతుంది. నాకు మూడు మీటర్ల పొడవు, అరవై సెంటీమీటర్ల వెడల్పు బల్ల స్టేషనుకు సరిపోయింది. రెండు చివర్లా వంపులు కనబడకుండా వెనక్కి వెళతాయి.

ఆ వంపుల మాట చెప్పాలి. అసలు రైల్వేలో పది డిగ్రీల వంపు అంటేనే చాలా బిగువు, దాని వ్యాసార్ధం 175 మీటర్లు. అదే నిష్పత్తిలో మనకు రెండు మీటర్లు కావాలి. అంత చోటు ఏ ఇంట్లోనూ ఉండదు. యాభై అరవై సెంటీమీటర్ల వంపులో బోగీలు అడ్డదిడ్డంగా తిరిగే దృశ్యం కంటబడితే అంతవరకూ చేసిన శ్రమంతా పోతుంది. నల్లమల మనకు ఇక్కడ సాయం చేస్తుంది. ఒక పక్క బిగువైన వంపును సొరంగంలో దాచవచ్చు, రెండో పక్క లోతుగా తవ్విన కొండ కోతలో, చెట్ల వెనక. సొరంగం ఉండటానికి నిజంగానే కారణం ఉన్న ప్రాంతం కనుక చూసేవారికి అది అతుకులా కనబడదు.

బల్ల గురించి ఎక్కువ చెప్పను. చెద పట్టని, తేమకు వంగని మంచి ప్లైవుడ్ కొనండి, ఇక్కడ పొదుపు చేయకండి. ఎత్తు మీ ఛాతీ దగ్గర ఉండాలి. పైనుంచి చూస్తే అది బొమ్మలా, పక్కనుంచి చూస్తే రైలులా కనిపిస్తుంది.

ఇక వాటర్ కాలమ్ దగ్గరకు వద్దాం. నా లేఅవుట్ మొత్తంలో నేను ఎక్కువ కాలం గడిపింది అరచేతి వెడల్పు లేని ఈ చోట. ఇత్తడి గొట్టం ముక్కతో నిలువు స్తంభం, దాని మీద తిరిగే చెయ్యి, చివర వేలాడే గుడ్డ తొండం. ఆ తొండానికి ముడతలు కావాలి, పలచని కాగితాన్ని జిగురులో తడిపి నలిపితే వస్తాయి. ఇంతవరకూ బజారు వస్తువైనా చేయగలదు. కానీ ఆ కాలమ్ కింద నేల మాత్రం బజారులో దొరకదు. రోజూ నాలుగైదు ఇంజన్లు నీళ్లు పట్టుకునే చోట తొండం నుంచి కారిన నీరు కంకరలోకి ఇంకి, అక్కడి స్లీపర్లు మిగతావాటికంటే నల్లబడి ఉంటాయి. కాలువ కట్టిన చోట నాచు పడుతుంది, ఆ కొద్దిపాటి తేమకు పచ్చటి తుంగ మొలుస్తుంది. ఊరంతా ఎండిపోయిన నెలలో ఆ స్టేషనులో పచ్చగా ఉండేది ఆ ఒక్క జాగా. ఓ మేక అక్కడికే వస్తుంది, నేను ఒకదాన్ని పెట్టాను. కాస్త అవతల, ఇంజను పొయ్యి కిందికి వచ్చే చోట, నేల మొత్తం బూడిద రంగు, మధ్యలో తుప్పు రంగు చిట్టెం గడ్డలు. తడికీ బూడిదకూ మధ్య దూరం టెండరు మీద నీళ్లు పోసే మూత నుంచి పొయ్యి వరకూ ఉన్న దూరంతో సరిపోవాలి. చూసేవారు ఈ లెక్క వెయ్యరు, కానీ తప్పితే ఏదో సరిగా లేదని కన్ను పసిగడుతుంది.

బొగ్గు దిబ్బకు నిజమైన బొగ్గే వాడండి. దక్షిణాది రైళ్లకు దశాబ్దాల పాటు ఇంధనం ఇచ్చింది సింగరేణి. ఒక చిన్న పెళ్ల దొరికినా దంచి జల్లెడ పడితే లేఅవుట్ మొత్తానికి సరిపోతుంది. దిబ్బను పోసినట్టు కాక పేర్చినట్టు నలుచదరంగా కట్టి, పైన సున్నం నీళ్లు చల్లినట్టు తెల్లటి చారలు వేయండి. దొంగతనం జరిగితే తెల్లటి పై పొర చెదిరి వెంటనే బయటపడుతుందని అలా చల్లేవారు. ఇంత చిన్న తెల్లచారలో ఆనాటి స్టేషను మాస్టరు తల భారం, ఆ ఊరి పేదల పొయ్యి కష్టం రెండూ ఉన్నాయి. వివరం అంటే నా దృష్టిలో ఇదే.

నేలకు ఆ ఊరి మన్నే తెచ్చుకోండి. నంద్యాల చుట్టుపక్కల నల్లరేగడి, కొండ దగ్గరకొచ్చేసరికి ఎర్రమన్ను. ఎండబెట్టి, పలచని గుడ్డలో జల్లించాక ఒక పని మరిచిపోకూడదు. కాగితం మీద మన్ను పలచగా పరిచి అయస్కాంతం పదేపదే తిప్పండి. ఎర్రమన్నులో ఇనుప రజను ఉంటుంది. అది మోటారు అయస్కాంతానికి పట్టుకుంటే ఇంజను పాడైపోతుంది. తర్వాత నీళ్లలో పలచన చేసిన తెల్ల జిగురు, అందులో గిన్నెలు తోమే ద్రవం ఒక్క చుక్క. ఆ చుక్క లేకపోతే జిగురు మన్నులోకి ఇంకదు, పైన ముత్యాల్లా దొర్లుతుంది. స్టేషను కంచెకు నాపరాళ్లు నిలబెట్టాను. బేతంచెర్ల, బనగానపల్లె వైపు తిరిగినవారు నాపరాయి లేకుండా ఆ సీమను ఊహించలేరు. పలచని ప్లాస్టిక్ రేకును కత్తిరించకుండా గీత పెట్టి విరిస్తే అంచులు అచ్చం రాయిలాగే వస్తాయి.

ఇంజనుకు రంగు వేసేటప్పుడు అచ్చ నలుపు వాడకండి. కొద్దిగా గోధుమ రంగు, కొద్దిగా బూడిద రంగు కలపండి. సేఫ్టీ వాల్వు, ఇంజెక్టరు గొట్టాల దగ్గర ఉప్పునీటి తెల్లటి చారలు కిందికి జారాలి. రాయలసీమ బావుల నీరు మామూలుగా గట్టి నీరే కదా. చక్రాలను కలిపే కడ్డీలు మాత్రం నూనెతో మెరవాలి.

వేగం సంగతి చాలామంది వదిలేస్తారు. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో స్టేషనులోకి వచ్చే రైలు నమూనాలో సెకనుకు తొమ్మిదిన్నర సెంటీమీటర్లు కదలాలి. నా మూడు మీటర్ల బల్ల దాటడానికి అర నిమిషం. మొదటిసారి చూసేవారికి అది మరీ నెమ్మది అనిపిస్తుంది. రెండోసారి చూసినప్పుడు రైలులో బరువు కనబడుతుంది. శబ్దం పెట్టేవారు ఇంకో లెక్క గుర్తుంచుకోవాలి. రెండు సిలిండర్ల ఇంజను చక్రం ఒక్కసారి తిరిగితే నాలుగు ‘ఛుక్కు’లు. అది చక్రంతో జత కుదరకపోతే శబ్దం రేడియోలోంచి వస్తున్నట్టు ఉంటుంది. ఇంజను లోపల పెట్టే డిజిటల్ డీకోడరు చిప్పులో దీన్ని సరిచేసుకునే వీలుంది, ఒక సాయంత్రం కూర్చుని కుదుర్చుకోండి.

ఇక ఆట. ఒంటి దారి మీద రెండు రైళ్లు ఎదురెదురుగా వస్తున్నాయి. గూడ్సు ముందు వచ్చి లూపులోకి తప్పుకుంటుంది. రైలును ఒక పట్టా నుంచి మరో పట్టాకు మళ్లించే పాయింట్లు మారతాయి. స్టేషనులోకి రమ్మనే హోమ్ సిగ్నల్ రెక్క కిందికి వాలుతుంది. ఆ కాలపు మన సిగ్నళ్లలో చాలావాటికి రెక్క వాలితేనే దారి ఇచ్చినట్టు. ప్యాసింజరు వచ్చి నీళ్లు పడుతుంది, జనం దిగుతారు. తోలు సంచిలో ఇనుప గుండు, దానికి పెద్ద రింగు, అదే టోకెన్. అది డ్రైవరు చేతికి అందాకే రైలు కదలాలి. నా బల్ల అంచున ఒక చిన్న పెట్టె ఉంది. నడిపేవారు అందులోంచి టోకెన్ తీసుకోనిదే ఆ సెక్షనుకు కరెంటు రాదు. ఒక్క క్రాసింగుకు ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ ఇరవై నిమిషాల్లో మా ఇంటికొచ్చిన పిల్లలెవరూ ఫోను ముట్టుకోవడం నేను చూడలేదు.

ఇంగ్లండులో పెండన్ అనే మ్యూజియం ఉంది. రాయ్ ఇంగ్లండ్ అనే ఆస్ట్రేలియా యువకుడు 1925లో ఆ దేశానికి వచ్చి, కళ్లముందే మారిపోతున్న పల్లెల ఇళ్లను కొలిచి 76వ వంతు నమూనాలుగా కట్టడం మొదలుపెట్టాడు. జాన్ ఏహెర్న్ తన ఇంట్లో కట్టుకున్న మ్యాడర్ వ్యాలీ లేఅవుట్ కూడా ఇప్పుడు అక్కడే భద్రంగా ఉంది. వీరిద్దరినీ తలచుకోవడం గొప్పల కోసం కాదు. మన మీటర్ గేజ్ స్టేషన్లకు కొలతలు తీసినవారు చాలా తక్కువ. పెంకుల కప్పు, రైలు ముక్క వేలాడదీసిన గంట, పసుపు పలక మీద మూడు భాషల్లో ఊరి పేరు, ఎర్ర రంగు ఇసుక బకెట్లు, ఇవన్నీ ఒక్కొక్కటిగా పోతున్నాయి. ఆ ఇంజన్ల మీద పనిచేసిన ఫైర్‌మన్‌లు, పాయింట్స్‌మన్‌లు ఇప్పుడు ఎనభైకి అటూ ఇటూ ఉన్నారు. మీ ఊళ్లో ఒకరుంటే టేపు, నోటుపుస్తకం పట్టుకుని ఈ నెలలోనే వెళ్లండి. ఇంజను ఎక్కడ ఆపేవారు, నీళ్లకు ఎంతసేపు పట్టేది, బూడిద ఎటు లాగేవారు, ఈ మూడూ అడగండి.

కొత్తగా మొదలుపెట్టేవారు పెద్ద బల్ల జోలికి వెళ్లకండి. ఒక అడుగు పలక, ఒక పట్టా, ఒక వాటర్ కాలమ్, దాని కింద తడి నేల, పక్కన బూడిద. అది మీకు నచ్చేలా వచ్చాక మిగతా స్టేషను గురించి ఆలోచిద్దాం. వాటర్ కాలమ్, బూడిద గుంటల కొలతలు వేసిన కాగితాలు ఆ బల్ల మీద ఉంచాను, తలా ఒకటి తీసుకోండి. ఇక ప్రశ్నలు అడగవచ్చు.