క్లచ్ వైర్ ఇంట్లోనే సరిచేసుకుందాం: ముందు కొలత, తర్వాతే పానా

నమస్కారం. ఫస్ట్ గేర్ వేయగానే బండి టక్‌మని శబ్దం చేసి ముందుకు ఉరుకుతోందా? సిగ్నల్ దగ్గర న్యూట్రల్ దొరకట్లేదా? లేకపోతే దీనికి పూర్తి విరుద్ధంగా, ఎక్సలేటర్ తిప్పితే ఇంజన్ అరుస్తోంది గానీ బండి లాగట్లేదా? రెండూ క్లచ్ సమస్యలే. కానీ మొదటిదానికి చేయాల్సిన పని రెండోదానికి చేస్తే క్లచ్ ప్లేట్లు కాలిపోతాయి. అందుకే ఈ వీడియోలో పానా పట్టుకునే ముందు స్కేలు పట్టుకుంటాం.

కావాల్సినవి చూడండి. 15 సెంటీమీటర్ల స్టీలు స్కేలు, 10, 12 నంబర్ పానాలు, కొంచెం గ్రీజు, కొంచెం ఇంజన్ ఆయిల్, సూది తీసేసిన సిరంజి, పాత గుడ్డ. కొన్ని బండ్లకు నట్టు సైజు వేరుగా ఉంటుంది. పానా బిగుతుగా పట్టకపోతే బలవంతం చేయకండి, నట్టు మూలలు అరిగిపోతాయి.

బండిని చదునైన నేల మీద సెంటర్ స్టాండ్ వేసి, న్యూట్రల్‌లో పెట్టి, తాళం చెవి తీసేయండి. ఇంజన్ పూర్తిగా చల్లారి ఉండాలి. వేడి మీద లోపలి భాగాలు వ్యాకోచిస్తాయి, కొలత మారిపోతుంది.

(దగ్గరి షాట్: లివర్ కొన, పక్కన స్కేలు)

ఇప్పుడు క్లచ్ లివర్‌ను ఒక్క వేలితో మెల్లగా లాగండి. మొదట ఏ బరువూ లేకుండా వస్తుంది. ఒకచోట బిగుతు తగులుతుంది. అక్కడ ఆపండి. లివర్ కొన ఎంత దూరం కదిలిందో అదే ఫ్రీ ప్లే. హీరో స్ప్లెండర్, హోండా షైన్ లాంటి బండ్లకు ఇది 10 నుంచి 20 మిల్లీమీటర్లు ఉండాలి. రాయల్ ఎన్‌ఫీల్డ్ లాంటి కొన్ని బండ్లకు కొలత 2 నుంచి 3 మిల్లీమీటర్లే అంటారు. అది విని గాభరా పడకండి. కొందరు లివర్ కొన దగ్గర కొలుస్తారు, కొందరు లివర్ మొదట్లో, లివర్‌ను హ్యాండిల్‌కు పట్టి ఉంచే హోల్డర్‌కూ లివర్‌కూ మధ్య సందు కొలుస్తారు. మీ బండి పుస్తకం ఏ చోట కొలవమందో అక్కడే కొలవండి. ఈ రెండింటినీ కలిపేసి, లివర్ కొన దగ్గర 2 మిల్లీమీటర్లు ఉంచితే క్లచ్ పాడవుతుంది.

ఎందుకో చెప్తాను. మీరు చేయి తీసేసినప్పుడు లోపలి స్ప్రింగులు ప్లేట్లను పూర్తి బలంతో నొక్కి పట్టాలి. వైర్‌లో సందు లేకపోతే లివర్ వదిలినా వైర్ కొంచెం లాగుతూనే ఉంటుంది. అంటే మీరు రోజంతా సగం క్లచ్ పట్టుకుని నడుపుతున్నట్టే. ప్లేట్లు జారతాయి, వేడెక్కుతాయి, మాడిన వాసన వస్తుంది. సందు మరీ ఎక్కువైతే లివర్ పూర్తిగా నొక్కినా ప్లేట్లు విడిపోవు. టక్‌మనే శబ్దం, బండి పాకడం, న్యూట్రల్ దొరక్కపోవడం అందుకే.

ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. వైర్ సాగితే ఫ్రీ ప్లే పెరుగుతుంది. ప్లేట్లు అరిగితే ఫ్రీ ప్లే తగ్గుతుంది. ఎవరూ ముట్టుకోకుండా లివర్ దానంతటదే బిగుసుకుంటూ వస్తోందంటే, లోపల ప్లేట్లు పలచబడుతున్నాయని అనుమానించాలి. కాబట్టి ఇవాళ కొలిచిన అంకె ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. వచ్చేసారి కొలిచినప్పుడు ఏ వైపు మారిందో చూస్తే, సమస్య వైర్‌దో ప్లేట్లదో కవర్ విప్పకుండానే చాలావరకు తెలుస్తుంది.

ఇంకో చిన్న పరీక్ష. హ్యాండిల్‌ను పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి తిప్పి మళ్లీ కొలవండి. తేడా బాగా కనిపిస్తే వైర్ ఎక్కడో ఇరుక్కుంది, లేదా దారి తప్పింది. ముందు అది సరిచేయాలి.

సరే, అడ్జస్ట్‌మెంట్. చాలా బండ్లకు లివర్ దగ్గర రబ్బరు తొడుగు కింద ఒక అడ్జస్టర్ ఉంటుంది. దాని లాక్ రింగు వదులు చేసి, అడ్జస్టర్‌ను హోల్డర్‌లోకి తిప్పితే సందు పెరుగుతుంది, బయటికి తిప్పితే తగ్గుతుంది. చిన్న తేడాలకు ఇది చాలు. కానీ మరలు సగానికి పైగా బయటికి కనిపిస్తుంటే ఆగండి, పట్టు పోతుంది. మొత్తం లోపలికి తిప్పేసి, ఒక చుట్టు వెనక్కి తీసి, అసలు పని కింద చేయండి. అడ్జస్టర్ గాడి, హోల్డర్ గాడి ఒకే వరుసలో ఉంచకండి. వాన నీళ్లు లోపలికి దిగుతాయి, వైర్ జారే వీలూ ఉంటుంది.

(దగ్గరి షాట్: ఇంజన్ దగ్గర వైర్ చివర, రెండు నట్లు)

పైన అడ్జస్టర్ లేకపోతే నేరుగా ఇక్కడికే రండి. వైర్ ఇంజన్ దగ్గర ఒక బ్రాకెట్‌లోంచి వచ్చి క్లచ్ ఆర్మ్‌కు, అంటే క్లచ్‌ను కదిపే చిన్న మీటకు, తగులుకుంటుంది. బ్రాకెట్‌కు అటో నట్టు, ఇటో నట్టు. ముందు గుడ్డతో మట్టి తుడవండి. ఒక పానాతో ఒక నట్టు కదలకుండా పట్టుకుని, రెండోదాన్ని వదులు చేయండి. గుర్తు పెట్టుకోవాల్సింది ఇంతే: వైర్ మీది నల్ల తొడుగు, అంటే ఔటర్, క్లచ్ ఆర్మ్‌కు దూరంగా జరిగితే సందు తగ్గుతుంది, దగ్గరగా జరిగితే పెరుగుతుంది. ఒకసారికి అర చుట్టు మాత్రమే తిప్పి, పైకెళ్లి స్కేలు పెట్టి చూడండి. 15 మిల్లీమీటర్ల దగ్గర ఆపితే మంచిది, అటూ ఇటూ మారినా పరిధిలోనే ఉంటుంది. తర్వాత లాక్ నట్టు బిగించండి. బిగించేటప్పుడు కొలత కాస్త జరుగుతుంది, కాబట్టి బిగించాక మరోసారి కొలవండి. పళ్లు బిగబట్టి బిగించనవసరం లేదు, సన్నని మర అది.

ఇప్పుడు స్టార్ట్ చేసి, రెండు నిమిషాలు తిరగనిచ్చి, బ్రేకు పట్టుకుని, లివర్ పూర్తిగా నొక్కి ఫస్ట్ గేర్ వేయండి. బండి పాకకూడదు, ఇంజన్ ఆగిపోకూడదు. తర్వాత ఖాళీ రోడ్డు మీద మూడో గేర్‌లో మామూలు వేగంలో వెళ్తూ ఎక్సలేటర్ గబుక్కున తిప్పండి. ఇంజన్ శబ్దంతో పాటు వేగం పెరగాలి. శబ్దం ముందు పెరిగి, వేగం తర్వాత వస్తే క్లచ్ జారుతోంది.

కొలత సరిగ్గా ఉండి కూడా జారుతోందంటే ఇక వైర్‌తో పని లేదు. ప్లేట్లు అరిగి ఉండాలి, స్ప్రింగులు నీరసించి ఉండాలి, లేదా తప్పు ఆయిల్ పోసి ఉండాలి. మన బండ్లలో ఎక్కువ వాటికి క్లచ్ ఇంజన్ ఆయిల్‌లోనే మునిగి తిరుగుతుంది. డబ్బా మీద జాసో (జపాన్ వాహన ప్రమాణాల గుర్తు) ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి. జారుడు గుణం ఎక్కువున్న కారు ఆయిల్, స్కూటర్ల ఎంబీ ఆయిల్ వేస్తే కొత్త ప్లేట్లు కూడా జారొచ్చు. అదే, కొలత సరిగ్గా ఉన్నా గేర్ టక్‌మంటుంటే స్టీలు ప్లేట్లు వంగి ఉండొచ్చు, ప్లేట్లు కూర్చునే క్లచ్ డ్రమ్ము వేళ్ల మీద గంట్లు పడి ఉండొచ్చు. ఇవి కవర్ విప్పి చూడాల్సినవి.

లివర్ బరువుగా ఉందా? వైర్‌ను రెండు చివర్లా ఊడదీసి, ఇన్నర్‌ను, అంటే లోపలి తీగను, చేత్తో అటూ ఇటూ లాగండి. గరుకుగా కదిలితే వైర్‌ను నిలువుగా వేలాడదీసి, పై చివర నుంచి సిరంజితో చుక్కలు చుక్కలుగా ఆయిల్ వేస్తూ ఇన్నర్ కదపండి. కింద నల్లగా కారడం ఆగి శుభ్రమైన ఆయిల్ వచ్చేదాకా చేయండి. లోపల గ్రీజు పెట్టొద్దు, దుమ్ము పట్టి గట్టిపడుతుంది. లోపల నైలాన్ పొర ఉన్న వైర్లకు ఆయిల్ అవసరం ఉండదు, కంపెనీ చెప్పినట్టు చేయండి. గ్రీజు పెట్టాల్సింది లివర్ బోల్టుకు, లివర్‌లో కూర్చునే వైర్ గుండుకు. ఆ గుండు తిరగకుండా పట్టేస్తే, లివర్ లాగిన ప్రతిసారీ వైర్ ఒకేచోట వంగి, పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. వైర్లు ఎక్కువగా పైన గుండు దగ్గరే తెగడానికి కారణం ఇదే. ఒక్క పోగు తెగి కనిపించినా వైర్ మార్చేయండి. శ్రీశైలం ఘాట్‌లో తెగితే చాలా ఇబ్బంది.

మార్చేటప్పుడు పాత వైర్ ఊడదీసే ముందు దాని కింది చివరకు ఒక గట్టి దారం కట్టి, పైనుంచి మెల్లగా లాగండి. దారం పాత దారిలోనే నిలుస్తుంది. పైన వచ్చిన దారం కొసకు కొత్త వైర్ కట్టి, కింద నుంచి లాగితే సరైన దారిలోనే వెళ్తుంది. సైలెన్సర్‌కు తగలకుండా, హ్యాండిల్ దగ్గర మడత పడకుండా చూడండి. కొత్త వైర్ మొదట్లో కొంచెం సర్దుకుంటుంది. 200 కిలోమీటర్లు తిరిగాక ఇంజన్ చల్లారనిచ్చి మళ్లీ స్కేలు పెట్టి కొలిచి, ఆ అంకెను అదే కాగితం మీద రాయండి.