రెండోసారి చూసినప్పుడు తెరిచిన తలుపు: 'ది థింగ్' గురించి కొన్ని మాటలు

సభకు నమస్కారం.

జాన్ కార్పెంటర్ తీసిన 'ది థింగ్' సినిమా 1982 జూన్ 25న అమెరికాలో విడుదలైంది. అంటార్కిటికాలోని ఒక పరిశోధన కేంద్రంలో పన్నెండు మంది మగవాళ్లు ఉంటారు. తాను కబళించిన ప్రాణి రూపాన్నే అచ్చుగుద్దినట్టు ధరించే గ్రహాంతర జీవి ఒకటి వాళ్ల మధ్య చేరుతుంది. జాన్ డబ్ల్యూ. క్యాంప్‌బెల్ 1938లో రాసిన నవలిక దీనికి మూలం.

ఆనాటి సమీక్షకులు దీన్ని చీల్చి చెండాడారు. న్యూయార్క్ టైమ్స్‌లో విన్సెంట్ క్యాన్‌బీ చెత్త కింద జమకట్టారు. స్నేహశీలి అయిన గ్రహాంతరవాసిని చూపించిన 'ఇ.టి.' అప్పటికి రెండు వారాల ముందే వచ్చి జనాన్ని కన్నీళ్లు పెట్టించింది. ఈ చిత్రానికి ఎన్నియో మోరికోనే ఇచ్చిన సంగీతం సైతం చెత్త సంగీతానికిచ్చే ర్యాజీ పురస్కారానికి నామినేట్ అయింది. ఇక్కడ వాడకుండా మిగిలిన ఆయన బాణీల్లో కొన్ని 2015లో దర్శకుడు టరంటీనో తీసిన 'ది హేట్‌ఫుల్ ఎయిట్' చిత్రంలో చేరాయని, ఆ చిత్ర సంగీతానికి ఆయన ఆస్కార్ అందుకున్నారని తలచుకుంటే నవ్వు రాక మానదు.

అయితే ఆ సమీక్షకులను తెలివితక్కువవారనడం నాకు సమ్మతం కాదు. పాత్రల మధ్య ఆత్మీయత లేదని, జుగుప్స మితిమీరిందని వారన్న మాటలు నిజమే. వారు లోపమనుకున్నదే ఈ కథకు ప్రాణమని మాత్రం గుర్తించలేదు. పక్కవాడు మనిషో కాదో తెలియని చోట ఆత్మీయత ఎలా పుడుతుంది?

రక్తపరీక్ష ఘట్టాన్నే తీసుకోండి. కర్ట్ రస్సెల్ పోషించిన మక్‌రెడీ సహచరులను కట్టిపడేసి, ఒక్కొక్కరి రక్తంలో కాల్చిన తీగను ముంచుతాడు. ఆ జీవిలోని ప్రతి తునకా తన ప్రాణం తాను కాపాడుకుంటుంది గనుక, దాని రక్తం తీగ తగలగానే తప్పించుకోజూస్తుందని అతని తర్కం. మొదటిసారి మన చూపు తీగ మీదే ఉంటుంది. రెండోసారి, దొంగ ఎవరో తెలిశాక, ముఖాల మీదికి మళ్లుతుంది. ఇరవై ఏళ్లు దాటీదాటని రాబ్ బాటిన్ కంప్యూటర్ సాయం లేకుండా, రబ్బరుతోనూ యంత్రాలతోనూ రూపొందించిన వికృతాకారాలు కూడా ఆగి చూసేకొద్దీ అబ్బురపరుస్తాయి.

ఇలా వెనక్కి తిప్పి చూసే సౌలభ్యాన్ని థియేటర్ ఇవ్వలేదు, వీడియో క్యాసెట్టు ఇచ్చింది. చివర మంచులో మిగిలిన ఇద్దరిలో ఎవరు మనిషన్న వాదన అభిమానుల మధ్య నేటికీ తెగలేదు. దక్షిణ ధ్రువ కేంద్రంలో వేసవి ఆఖరి విమానం వెళ్లిపోయాక, నెలల తరబడి చీకట్లో కలిసి గడపబోయేవాళ్లు అందరూ ఒక్కచోట కూర్చుని ఈ సినిమా చూడడం ఆనవాయితీ.