రూట్ నిండింది, హోమ్ ఖాళీ

అక్క: హనుమకొండ నుంచి నమస్తే. ఇవాళ లైనక్స్‌లో పార్టిషన్ సైజు, అంటే డిస్క్‌లో విడదీసిన భాగం సైజు మార్చడం. సిస్టమ్ ఉండే రూట్ నిండిపోయిందని చాలామంది మెసేజ్ పెట్టారు.

తమ్ముడు: పార్టిషన్లు మార్చే జీపార్టెడ్ ఉన్న లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, మన ఫైళ్లుండే హోమ్ తగ్గించి రూట్ పెంచాలి. అంతే. కానీ అక్కా, అసలు హోమ్‌ని వేరే పార్టిషన్‌లో పెట్టడం ఎందుకు?

అక్క: మళ్లీ మొదలైందా! సిస్టమ్ పాడై కొత్తగా ఇన్‌స్టాల్ చేసినా, హోమ్‌కి ఫార్మాట్ టిక్ పెట్టకుంటే ఫైళ్లు అట్లే ఉంటాయి తమ్మీ.

తమ్ముడు: ఒకటి నిండి ఊపిరాడదు, ఇంకోటి సగం ఖాళీ. రూట్‌కి 25 జీబీ ఇస్తే స్నాప్‌లు, డాకర్ ఇమేజ్‌లు, పాత కెర్నళ్లే తినేస్తాయి. డిస్క్ జాగా అంతా కలిపి పంచే ఎల్‌వీఎం పెట్టుకుంటే...

అక్క: ఎల్‌వీఎం పేరెత్తనని మాట ఇచ్చావు, పోయిన ఎపిసోడ్‌లో.

తమ్ముడు: ఇచ్చాను, కానీ విను. మామూలు పార్టిషన్‌కి ఖాళీ జాగా పక్కనే ఉండాలి. హోమ్‌ని చివర్న తగ్గిస్తే రూట్‌కి అందదు, హోమ్ మొత్తం కుడికి జరపాలి, అంటే లోపలున్న డేటా అంతా కాపీ అవుతుంది, ఒక్కోసారి గంటలు పడుతుంది. ఎల్‌వీఎంలో ఖాళీ ఎక్కడున్నా కలుపుకోవచ్చు.

అక్క: అందులోనూ ఫైళ్లను అమర్చే ఫైల్‌సిస్టమ్ ఈఎక్స్‌టీ4 అయితే, తగ్గించాలంటే అన్‌మౌంట్ చేయాల్సిందే, అంటే వాడకంలోంచి తీయాల్సిందే కదా.

తమ్ముడు: చేయాలి. జరపడం మాత్రం ఉండదు.

అక్క: జరిపేటప్పుడు కరెంటు పోతే ఏమవుతుందో నాకు తెలుసు. మూడేళ్ల బతుకమ్మ ఫొటోలు పోయాయి. వేయి స్తంభాల గుడి దగ్గర అమ్మ బతుకమ్మ ఎత్తుకున్నది కూడా.

తమ్ముడు: ...నాకెప్పుడూ చెప్పలేదు.

అక్క: డెస్క్‌టాప్, యూపీఎస్ లేదు, బ్యాకప్ లేదు. వినేవాళ్లంతా ముందు వేరే డిస్క్‌లోకి కాపీ తీసుకోండి, ఆ తర్వాతే జీపార్టెడ్ తెరవండి. లాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టే ఉంచండి.

తమ్ముడు: టెర్మినల్‌లో చేసేవాళ్లు వరుస మర్చిపోవద్దు. తగ్గించేటప్పుడు ముందు ఫైల్‌సిస్టమ్, తర్వాత పార్టిషన్. పెంచేటప్పుడు ముందు పార్టిషన్. ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్ అయితే తగ్గించడం దాదాపు కుదరదు, అందుకే ఎల్‌వీఎంలో మొదటే కొంత ఖాళీ వదిలి...

అక్క: తమ్మీ!

తమ్ముడు: సరే సరే. విండోస్ సైడ్ తగ్గించాలని అడిగినవాళ్లు విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లోనే చేయండి... అక్కా, ఆ పాత డిస్క్ ఉందా?

అక్క: బీరువాలో ఉంది.

తమ్ముడు: తర్వాత దాని మీద ఏమైనా రాశావా?

అక్క: ముట్టుకోలేదు.

తమ్ముడు: అయితే ముందు దాని ఇమేజ్, అంటే డిస్క్ మొత్తం నకలు తీద్దాం, పోయినవి వెతికే టెస్ట్‌డిస్క్‌తో ఆ ఇమేజ్ మీదే వెతుకుదాం. అసలు డిస్క్ మీద ఏమీ రాయొద్దు.

అక్క: ఇప్పుడా?

తమ్ముడు: ఇప్పుడే. రికార్డింగ్ ఆపక్కా.