మంచు మైదానంలో అడిగే ప్రశ్నలు

శ్రోతలకు నమస్కారం.

ఈ పూట ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. జవాబు మాత్రం ప్రసంగం చివర్లోనే చెబుతాను. ఉత్తర అమెరికాలో ఐస్ హాకీకి అన్నిటికంటే పెద్ద పోటీ నేషనల్ హాకీ లీగ్. 1917లో పుట్టిన ఆ లీగ్‌లో అన్నదమ్ములు ఎందరో ఆడారు. ఇద్దరు అన్నదమ్ములు కలిసి సంపాదించిన పాయింట్లను కూడితే అందరికంటే పైన నిలిచే జంట ఏది? ఆట బాగా తెలిసినవారు కూడా ఇక్కడ తొందరపడి పొరపాటు చెబుతారు. మీరు తీరిగ్గా ఆలోచించండి.

ఈ ఆట చూడనివారి కోసం నాలుగు మాటలు. మన దేశంలో లద్దాఖ్‌లో చలికాలం గడ్డకట్టిన చెరువుల మీద ఆడతారు కాబట్టి మనకు మరీ కొత్తదేమీ కాదు. జట్టుకు ఆరుగురు. అందులో ఒకరు గోలు కాపలాదారు, ఆయన్ని గోలీ అంటారు. కాళ్లకు స్కేట్లు, చేతిలో కర్ర. బంతి ఉండదు. మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న గట్టి రబ్బరు బిళ్ళ ఉంటుంది, దాని పేరు పక్. ఇక పాయింట్ల లెక్క. గోలు కొట్టినవారికి ఒక పాయింటు. ఆ గోలుకు ముందు పక్‌ను అందించినవారికి కూడా, ఇద్దరి వరకు, ఒక్కొక్క పాయింటు. దీన్ని అసిస్టు అంటారు. కొట్టిన చేతికీ అందించిన చేతికీ సమానంగా విలువ కట్టే ఈ లెక్క అంటే నాకు ఎంతో గౌరవం. ఈ మాట గుర్తుంచుకోండి, ముందు ముందు అవసరమవుతుంది.

మొదటి ప్రశ్న తేలికైనదే. కెనడాలో చదువుకుంటున్న మన పిల్లల్లో టిమ్ హార్టన్స్ కాఫీ తాగనివారు దాదాపు ఉండరు. ఆ బోర్డు మీద ఉన్న పేరు ఎవరిది?

టిమ్ హార్టన్ టొరంటో మేపుల్ లీఫ్స్ జట్టులో డిఫెన్స్ ఆటగాడు. 1962, 1963, 1964, మళ్లీ 1967, మొత్తం నాలుగుసార్లు ఆ జట్టు, లీగ్ విజేతకు ఇచ్చే స్టాన్లీ కప్ గెలిచినప్పుడు ఆయన అందులో ఉన్నాడు. ఆ రోజుల్లో ఆటగాళ్ల జీతాలు ఇప్పటిలాంటివి కావు. వేసవి వచ్చిందంటే చాలామంది వేరే పని వెతుక్కునేవారు. హార్టన్ 1964లో హామిల్టన్ అనే ఊళ్లో డోనట్లు, కాఫీ అమ్మే దుకాణం తెరిచాడు. దుకాణాలు పెరిగాయి, అయినా ఆయన ఆట మానలేదు. పదేళ్ల తర్వాత, 44 ఏళ్ల వయసులో కూడా, బఫెలో జట్టుకు ఆడుతూనే ఉన్నాడు. 1974 ఫిబ్రవరిలో టొరంటోలో ఆట ముగించుకుని, రాత్రివేళ సొంత కారు నడుపుకుంటూ బఫెలోకు తిరిగి వెళుతూ ప్రమాదంలో చనిపోయాడు. ఇప్పుడు ఆ కాఫీ గ్లాసు పట్టుకున్నవారిలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో చెప్పలేను. మీ పిల్లలు ఈసారి ఫోను చేసినప్పుడు అడిగి చూడండి.

రెండో ప్రశ్న. సొంత కొడుకులిద్దరితో కలిసి ఒకే జట్టులో ఆడిన తండ్రి ఎవరు?

గోర్డీ హో. కెనడాలోని సస్కాచువాన్ పల్లెప్రాంతంలో 1928లో పుట్టాడు. 1946 నుంచి 1971 దాకా డెట్రాయిట్ రెడ్ వింగ్స్ ఒక్క జట్టుకే 25 సీజన్లు ఆడాడు. మణికట్టు నొప్పి భరించలేక ఆట వదిలేశాడు. సాధారణంగా ఎవరి కథ అయినా అక్కడితో ముగుస్తుంది. కానీ రెండేళ్ల తర్వాత హ్యూస్టన్‌లో వరల్డ్ హాకీ అసోసియేషన్ అనే పోటీ లీగ్‌కు చెందిన జట్టు ఆయన కొడుకులు మార్టీ, మార్క్‌లను తీసుకుంది. పెద్దవాడికి 19, చిన్నవాడికి 18. తండ్రి వాళ్లతోపాటు తానూ బరిలోకి దిగాడు, 45 ఏళ్ల వయసులో. ఊరికే కొడుకుల పక్కన నిలబడడానికి కాదు. ఆ ఏడాది ఆ లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడి బహుమతి తండ్రికే వచ్చింది.

ఆ లీగ్ 1979లో మూతపడింది. అందులోని నాలుగు జట్లను నేషనల్ హాకీ లీగ్ తనలో చేర్చుకుంది. అలా హార్ట్‌ఫర్డ్ జట్టుతో హో మళ్లీ పెద్ద లీగ్‌కు వచ్చాడు. ఆ సీజన్‌లో జట్టు ఆడిన 80 ఆటల్లో ఒక్కటి కూడా వదలలేదు. 15 గోళ్లు కొట్టాడు. సీజన్ ముగిసేసరికి ఆయనకు 52 ఏళ్లు.

అదే సీజన్‌లో, అలాగే వచ్చి చేరిన ఎడ్మంటన్ జట్టులో, పద్దెనిమిదేళ్ల సన్నటి కుర్రాడు ఒకడు ఉన్నాడు. చిన్నప్పటినుంచి గోర్డీ హో అంటే ప్రాణం. హో చొక్కా మీది 9 అంకె తనకూ కావాలని అడిగితే, అంతకుముందు ఆడిన జట్టులో అది మరొకరికి ఉంది. అందుకని రెండు తొమ్మిదులు పెట్టుకున్నాడు. ఆ 99 అంకె వాడే వేన్ గ్రెట్స్కీ. 1980 ఫిబ్రవరిలో డెట్రాయిట్‌లో లీగ్‌లోని మేటి ఆటగాళ్లను రెండు జట్లుగా చేసి ఆడించిన ఆల్ స్టార్ ఆటలో, దాదాపు 33 ఏళ్ల తేడా ఉన్న ఈ ఇద్దరూ ఎదురెదురు జట్లలో ఒకే మంచు మీద ఆడారు. ఆ ఆట గురించి తలచుకున్నప్పుడల్లా, ఇద్దరు మనుషుల మధ్య ఒక ఆట మొత్తం చేతులు మారిందని నాకు అనిపిస్తుంది.

గ్రెట్స్కీ గురించి క్విజ్‌లలో ఎప్పుడూ అడిగేది ఎన్ని గోళ్లు కొట్టాడని. 894. అది మంచి ప్రశ్నగా నేను ఒప్పుకోను. నేనైతే ఇలా అడుగుతాను. గ్రెట్స్కీ ఒక్క గోలు కూడా కొట్టలేదనుకోండి. ఆ 894నూ లెక్కలోంచి తీసేయండి. అప్పుడు పాయింట్ల పట్టికలో ఆయన స్థానం ఎంత?

అప్పుడూ మొదటి స్థానమే. ఆయన అందించిన అసిస్టులు 1963. పట్టికలో రెండో స్థానంలో ఉన్న చెక్ ఆటగాడు యారొమీర్ యాగర్‌కు గోళ్లు, అసిస్టులు అన్నీ కలిపితే 1921. అంటే పక్కవాడికి పక్‌ను అందించడం ఒక్కటే లెక్కపెట్టినా గ్రెట్స్కీని దాటినవాడు లేడు. ప్రత్యర్థి గోలు వెనక ఉన్న కాస్త జాగాలో నిలబడి, వల చాటునుంచి సహచరుడికి పక్ అందించడం ఆయన ప్రత్యేకత. ఆ చోటును జనం ఆయన ఆఫీసు అనేవారు.

గోళ్ల రికార్డు మాత్రం చేజారింది. 2025 ఏప్రిల్ 6న వాషింగ్టన్ జట్టు ఆటగాడు, రష్యాకు చెందిన అలెక్స్ ఒవెచ్కిన్ తన 895వ గోలు కొట్టాడు. ఇందులో నాకు ఒళ్లు పులకరించే విషయం ఒకటుంది. గ్రెట్స్కీ లీగ్‌లో ఆడిన మొత్తం ఆటలు 1487. ఒవెచ్కిన్ ఆ గోలు కొట్టింది సరిగ్గా తన 1487వ ఆటలో.

ఇప్పుడు మారియో లెమ్యూ. పిట్స్‌బర్గ్ పెంగ్విన్స్ ఆటగాడు. 1988 డిసెంబర్ 31న న్యూజెర్సీ జట్టు మీద ఒకే ఆటలో అయిదు గోళ్లు కొట్టాడు. ప్రశ్న ఏమిటంటే, ఆ అయిదింటి ప్రత్యేకత ఏమిటి? ఒక్కొక్కటి ఒక్కో రకం. రెండు జట్లలో మనుషులు సమానంగా ఉన్నప్పుడు ఒకటి. ఎదుటివారిలో ఒకరు శిక్షపడి బయట కూర్చున్నప్పుడు ఒకటి. తమవైపే ఒక మనిషి తక్కువగా ఉన్నప్పుడు ఒకటి. పెనాల్టీ షాట్‌తో ఒకటి. చివరికి ఎదుటి గోలీని బయటికి పిలిచేశాక, ఆట ముగియడానికి ఒక్క సెకను ఉండగా, ఖాళీ గోలులోకి ఒకటి. ఇలా అయిదు రకాలూ ఒకే ఆటలో చేసినవాడు మరొకడు లేడు.

నన్ను ఆయన దగ్గర ఎక్కువసేపు నిలబెట్టేది మాత్రం వేరే తేదీ. 1993 జనవరిలో లెమ్యూకు హాడ్జ్‌కిన్స్ వ్యాధి ఉన్నట్టు తేలింది. అది శోషరస గ్రంథులకు వచ్చే క్యాన్సర్. వయసు 27. అప్పటికి ఆ సీజన్‌లో పాయింట్లలో ఆయనే ముందున్నాడు. ఆట ఆపి రేడియేషన్ చికిత్స తీసుకున్నాడు. మార్చి 2వ తేదీ ఉదయం చివరి విడత చికిత్స. ఆ సాయంత్రమే విమానంలో ఫిలడెల్ఫియా వెళ్లి జట్టుతో కలిసి ఆడాడు. ఒక గోలు కొట్టాడు, ఒక అసిస్టు ఇచ్చాడు. ఎదుటి జట్టు మీద దయ చూపరని పేరుపడిన ఫిలడెల్ఫియా ప్రేక్షకులు ఆ రోజు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. పిట్స్‌బర్గ్ ఆ ఆట ఓడిపోయింది. కానీ ఆ సీజన్‌లో లెమ్యూ 60 ఆటలే ఆడి 160 పాయింట్లతో మొదటి స్థానంలో నిలిచాడు.

గోలీల గురించి ఒక్క ప్రశ్నే అడుగుతాను. వరుసగా 502 ఆటలు, ఒక్కటి కూడా మధ్యలో వదలకుండా గోలు ముందు నిలబడిన గోలీ ఎవరు? గ్లెన్ హాల్, 1955 నుంచి 1962 వరకు. ముఖానికి ముసుగు లేకుండా. ఆ ఒత్తిడికి ఆటకు ముందు ఆయనకు వాంతులయ్యేవి. కడిగేసుకుని, వెళ్లి నిలబడేవాడు.

ఇంత పెద్ద అంకెల తర్వాత ఒక చిన్న అంకె. 45. అన్ని ఆటలే ఆడిన ఒక ఆటగాడి చొక్కా అంకెను బోస్టన్ జట్టు 2022లో ఇంకెవరికీ ఇవ్వకుండా గౌరవంగా పైకప్పుకు ఎత్తింది. ఎవరాయన?

విల్లీ ఓరీ. 1958 జనవరి 18న మాంట్రియల్‌లో బోస్టన్ బ్రూయిన్స్ తరఫున మంచు మీద అడుగుపెట్టాడు. నేషనల్ హాకీ లీగ్‌లో ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడు ఆయనే. ప్రేక్షకుల నోట, ప్రత్యర్థుల నోట ఎలాంటి మాటలు పడ్డాడో ఆయనే తర్వాత చెప్పాడు. చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి ఉంది. అంతకు రెండేళ్ల ముందు పక్ తగిలి ఆయన కుడికన్ను చూపు దాదాపుగా పోయింది. ఇక ఆడలేవని వైద్యుడు చెప్పాడు. ఆ మాట జట్టుకు తెలిస్తే తీసుకోరు కాబట్టి దాచాడు. ఆయన ఆడేది ఎడమ అంచున. సహచరులు పక్ అందించేది కుడివైపునుంచి. ప్రతిసారీ మెడ పూర్తిగా తిప్పి, మంచి కంటితో వెతుక్కుని అందుకోవాలి. ఆ తిప్పడంలో ఎదుటివాడు ఎటునుంచి వచ్చి గుద్దుతాడో కనిపించదు. లీగ్‌లో ఆయన కొట్టినవి నాలుగే గోళ్లు. ఆ నాలుగూ ఒంటికంటితో కొట్టినవే. చిన్న లీగ్‌లలో ఆ తర్వాత కూడా ఎన్నో ఏళ్లు ఆడాడు. నడుమ కుడి అంచుకు మార్చినప్పుడు కానీ ఆ మెడనొప్పి తప్పలేదు.

ఆయన తర్వాత లీగ్‌లో రెండో నల్లజాతి ఆటగాడు రావడానికి 1974 దాకా పట్టింది. భారత సంతతి నుంచి మొదటివాడు 1989లో వచ్చాడు. బ్రిటిష్ కొలంబియాలో ఒక పంజాబీ సిక్కు కుటుంబంలో పుట్టిన రాబిన్ బావా. ఆయన ఆడిన ఆటలు 61. ఈ అంకె కూడా ఎక్కడైనా రాసి పెట్టుకోండి.

ఇక ప్రసంగం ఆరంభంలో అడిగిన ప్రశ్న. అన్నదమ్ముల జంట.

చాలామంది మాంట్రియల్ సోదరులు మోరిస్, ఆన్రీ రిషార్‌ల పేరు చెబుతారు. తమ్ముడు ఆన్రీ 11 స్టాన్లీ కప్‌లు గెలిచిన జట్లలో ఉన్నాడు, మరే ఆటగాడికీ అన్ని లేవు. ఇద్దరి పాయింట్లు కలిపితే 2011. ఇంకొందరు స్వీడన్ కవలలు డేనియల్, హెన్రిక్ సెడిన్ అంటారు. వాళ్లవి 2111. రెండూ గొప్ప జవాబులే, రెండూ తప్పే.

సరైన జవాబు గ్రెట్స్కీ సోదరులు. ఇద్దరివీ కలిపి 2861.

వేన్ కంటే 11 ఏళ్లు చిన్నవాడైన తమ్ముడు బ్రెంట్ కూడా ఆ లీగ్‌లో ఆడాడు. తండ్రి వాల్టర్ బ్రాంట్‌ఫర్డ్‌లోని ఇంటి పెరట్లో నీళ్లు చల్లి, గడ్డకట్టించి తయారుచేసిన మంచు మీదే అన్న ఆట నేర్చుకున్నాడు. ఆ ఇంటి ఆఖరి బిడ్డ బ్రెంట్. టంపా బే జట్టు తరఫున ఆయన ఆడినవి 13 ఆటలు. ఒక గోలు, మూడు అసిస్టులు. 2857 పాయింట్లు అన్నయ్యవి, నాలుగు తమ్ముడివి.

1994 మార్చి 23న వేన్ గ్రెట్స్కీ తన 802వ గోలు కొట్టి, చిన్నప్పటి దేవుడు గోర్డీ హో రికార్డును దాటాడు. బ్రెంట్ తన ఏకైక గోలు కొట్టింది కూడా ఆ సీజన్‌లోనే.

నమస్కారం.